సీసా వెనకాల చిన్నక్షరాలు

దిగుమతి సరుకు మీద కిర్గిజ్ భాషలో కాగితం అతికించి తీరాలని ఏ పుణ్యాత్ముడు రూలు పెట్టాడో గానీ, అతికించేవాడు మాత్రం సీసాలో ఏమేం కలిపారో రాసిన చోటు వెతికి మరీ దాని మీదే అతికిస్తాడు. నుర్జాత్ పొద్దుటి నుంచీ ఆ కాగితాన్ని గోటితో గీకుతోంది. పసిపిల్లల ఒంటికీ తలకీ కలిపి వాడే సబ్బునీళ్ళ సీసా అది. ముందు వైపు నవ్వుతున్న బాతుపిల్ల బొమ్మ. కాగితం మీద ‘నీరు, మృదువైన శుభ్రపరిచే పదార్థాలు, మూలికల సారం’ అని మూడంటే మూడే ముక్కలు. అది సగం ఊడొచ్చాక కింద ఇరవై రెండు పేర్లు బయటపడ్డాయి.

“ఇరవై రెండుని మూడు చేశారు. వీళ్ళకి లెక్కలు ఎవరు చెప్పారో,” అని గొణుక్కుంది.

పక్కన పరుపు మీద ఆమె కూతురు సేజిమ్ నిద్రలోనే ముఖం చిట్లించింది. పిల్ల పుట్టి ఆ రోజుకి ఇరవై ఆరు రోజులు. మెడ మడతల్లో, చంకల్లో, చేతుల మీద, వీపు మీద, పొట్ట మీద ఎర్రటి దద్దు. రవ్వ చల్లినట్టు సన్నసన్నగా లేచి, పిల్ల ఏడ్చినప్పుడల్లా ఇంకా ఎర్రబడేది. పదో రోజున మొదలైంది. ఆరోగ్య కేంద్రంలో నర్సు చూసి, చెమటకాయలన్నది. నవంబరు నెలలో, కొచ్కోర్ లాంటి కొండ ఊరి చలిలో, చెమటకాయలు. నుర్జాత్‌కి ఒళ్ళు మండిపోయింది.

కాన్పుకి ముందు ఆమె ఊళ్ళో పాల ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేసేది. క్యాను మూత తీసి, రంగుకాగితం ముంచి, పాలు పులిశాయో లేదో, సోడా కలిపారో లేదో చెప్పడం ఆమె పని. రైతు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా కాగితం ఏ రంగు తిరిగితే అదే మాట. ఏదైనా ఇలాగే తేలుతుందని ఆమె గట్టి నమ్మకం. అందుకే ఒక నోటుపుస్తకం తెరిచి గళ్ళు గీసింది. ఒక గడిలో సబ్బు పేరు, ఒక గడిలో లోపలి సరుకు, చివరి గడిలో పిల్ల ఒళ్ళు ఎలా ఉందో. ఆ చివరి గడిలో మొదటి రోజే ఇలా రాసుకుంది: ‘మెడ నుంచి పొట్ట దాకా ఉంది. ముఖం మీద లేదు. తలలో లేదు. అరచేతుల మీద లేదు.’ రాసుకుని, ఆ మాట మళ్ళీ చూడకుండా సీసాల మీద పడింది.

అత్తగారు బుర్మాకాన్ పాలుపోసిన టీ తీసుకుని లోపలికి వచ్చింది. ఆమెకి అరవై మూడేళ్ళు. మనిషి కన్నా ముందు ఆమె తలగుడ్డ నుంచి పూలవాసన వచ్చేది. మాస్కోలో ఉన్న కూతురు గుల్బర్చిన్ ఏదో సెంటు పంపుతుందని నుర్జాత్ అనుకునేది. ఆ ఊళ్ళో కోడళ్ళందరిలాగే నుర్జాత్ కూడా అత్తగారిని ‘అపా’ అంటుంది.

“ఆ సీసా ఏం పాపం చేసిందే, గీకి చంపుతున్నావ్?”

“ఇందులో సువాసన కలిపారు అపా. కన్నీళ్ళు రావని రాసిన సీసాలోనూ కలిపారు. మూడో దాని ముందు వైపు ‘సువాసన లేదు’ అని పెద్దక్షరాలు, వెనకాల చిన్నక్షరాల్లో ఏవో మూడు పూల నూనెలు. అది సువాసన కాక మరేంటంట?”

“పసిపిల్ల కంపు కొట్టాలా ఏం?”

“పసిపిల్ల వాసన పసిపిల్లకి ఉంటుంది కదా.”

“నీకు సబ్బుల పిచ్చి పట్టింది.” బుర్మాకాన్ టీ గిన్నె ఆమె చేతికిచ్చి పరుపు పక్కన కూలబడింది. “నేను ఐదుగురిని కన్నాను. సబ్బు పేరు కూడా చూళ్ళేదు. ఒక్కరికి ఒక్క పొక్కు లేదు. ఇది లోపల్నుంచి వచ్చేది పిల్లా. నీ పాలు వేడి. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆ బజారు కొరియా క్యారెట్ పచ్చడి డబ్బాలకి డబ్బాలు లాగించావ్. నేను చూళ్ళేదనుకున్నావా?”

పచ్చడి తిన్నమాట నిజమే.

“నలభయ్యో రోజు దాకా చూస్తా. ఆ రోజు చేయించే నలభై చెంచాల స్నానం అయ్యాక కూడా పిల్ల ఇలాగే ఉంటే పాలు మాన్పించడమే. పాలడబ్బా నీ మొగుడి చేత తెప్పించి పెట్టా.”

నుర్జాత్‌కి పాలు అంత తేలిగ్గా పడలేదు. తొమ్మిది రోజులు చుక్కా చుక్కా తప్ప రాలేదు. పిల్ల ఏడిస్తే తనూ ఏడ్చింది. పదో రోజు తెల్లారేసరికి రవికె తడిసిపోయి, సేజిమ్ గుటకల చప్పుడు గది అంతా వినిపిస్తే, మొగుణ్ణి లేపి మరీ వినిపించింది. సరిగ్గా ఆ రోజే మెడ మీద మొదటి ఎర్రమచ్చ కనిపించింది. బుర్మాకాన్ లెక్క అక్కడ బిగుసుకుంది: పాలు పడ్డ రోజే దద్దు వచ్చింది, ఇంకా సాక్ష్యం ఎందుకని.

ఇంకో పద్నాలుగు రోజులుంది. నుర్జాత్ పట్టు వదల్లేదు.

లోపల ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాస్తారని ఆమెకి తెలుసు. నీళ్ళ తర్వాత రెండో పేరే నురగ తెప్పించే సరుకు. ఇంట్లో పోగైన ఐదు సీసాల్లో నాలుగింటికి ఆ రెండో పేరు ఒకటే. బాతుపిల్ల బొమ్మది చవక, ఏనుగుపిల్ల బొమ్మది ఖరీదు, కడుపులో సరుకు మాత్రం ఒకటే. తేడా అంతా అట్టడుగున, చెంచాలో పదో వంతు కూడా ఉండని ఆఖరి పేర్లలో. సువాసన అని ఒకరు, పరిమళం అని ఒకరు, ‘సమ్మేళనం’ అని ఇంకొకరు. ఒకే దొంగకి మూడు మారుపేర్లు. సీసా మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి తియ్యగా, మీ డాక్టరుని సంప్రదించండి అంది. ఇక్కడ డాక్టరంటే ఆ నర్సే, ఆమేమో చెమటకాయలంటుంది.

మొగుడు కుబాత్ బిష్కెక్‌కి వ్యాను నడుపుతాడు. మంచివాడు. తల్లి మాటా ఒప్పే, పెళ్ళాం మాటా ఒప్పే అనేంత మంచివాడు. అతన్ని నగరంలో పెద్ద కొట్టుకి పంపి, ఫోన్లో వెనకాల అక్షరాలు చదివించింది.

“సో... డి... యం. లా... రె...”

“తర్వాత?”

“తర్వాత ఇంకా పొడుగ్గా ఉంది. నుర్జాత్, వెనకాల జనం తోస్తున్నారు.”

“తోయనీ. ఆఖరి నాలుగూ చదువు.”

“బెం... జై... ఇది చదివితే నా పళ్ళు ఊడిపోయేట్టున్నాయి. ఇక్కడి పిల్ల ఇది బాగా అమ్ముడవుతుందంటోంది.”

“బాగా అమ్ముడవుతుందా అని నేనడిగానా?”

అతను రెండు సీసాలూ ఒక పుచ్చకాయా కొనుక్కొచ్చాడు. పుచ్చకాయ ఆమెని మంచి చేసుకోవడానికి. పాలిచ్చే తల్లికి చలువ చేస్తుందని బుర్మాకాన్ దాన్ని ముట్టుకోనివ్వలేదు. వేడి పనికిరాదు, చలువ పనికిరాదు. ఇక ఏది తినాలో ఆ పైవాడికే తెలియాలి.

బుర్మాకాన్ తన వంతుగా మేనత్త కూతురి దగ్గర్నుంచి నల్లసబ్బు తెప్పించింది. కొండల్లో పెరిగే చిట్టిమొక్కల బూడిద, గొర్రె తోకకొవ్వు, అంతే. ఇందులో దాచడానికి ఏమీ లేదు చూడు అని గర్వంగా ముందు పెట్టింది. నుర్జాత్ రంగుకాగితం తడిపి అద్దితే ముదురు నీలం తిరిగింది. అంత ఘాటు పసిదాని ఒంటికి పనికిరాదు. కడవలు తోమొచ్చు.

“మా అమ్మ మమ్మల్ని దీంతోనే రుద్దేది.”

“మీ ఒళ్ళు గట్టిది అపా.”

“ఒళ్ళు కాదు, మా అమ్మ పాలు గట్టివి,” అంది బుర్మాకాన్, సబ్బుని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోతూ.

రెండేసి రోజులకొక సబ్బు చొప్పున మార్చి చూసింది. దద్దు చెక్కు చెదరలేదు. ఆఖరికి అన్నీ మానేసి, కాచి చల్లార్చిన ఉత్త నీళ్ళతో నాలుగు రోజులు తుడిచింది. అయినా పొద్దున చూస్తే వీపు అలాగే ఎర్రగా ఉంది.

ఒంటికి తగిలేది ఇంకేముందా అని ఆలోచించింది. డైపర్లు కావు, దద్దు అక్కడ లేనే లేదు. ఇక మిగిలింది కుక్క చొక్కా. పుట్టిన బిడ్డకి తొడిగే మొదటి చొక్కాకి అక్కడ అదే పేరు. నిండు నూరేళ్ళకి దగ్గరైన పెద్దమనిషి పాత చొక్కా అడిగి తెచ్చి, అంచు కుట్టకుండా కత్తిరించి, నలభై రోజులూ బిడ్డ ఒంటికి అదే తొడుగుతారు. నలభయ్యో రోజు దాన్ని కుక్క మెడకి కట్టి పంపేస్తే బిడ్డ రోగాలన్నీ కుక్కతో పోతాయి. సేజిమ్‌ది ఊళ్ళో తొంభై ఒక్కేళ్ళ సిదిక్ తాత తెల్లచొక్కా. ఒకటే ఉంటుంది కాబట్టి రోజూ ఉతికి, పొయ్యి గొట్టం పక్కన ఆరేసి, మళ్ళీ తొడగాలి. ఆ పని బుర్మాకాన్‌ది. బాలింత నలభై రోజులు చన్నీళ్ళు ముట్టకూడదని కోడల్ని బట్టలుతికే బయటి గదిలోకి అడుగు పెట్టనివ్వలేదు.

“అపా, చొక్కా దేంతో ఉతుకుతున్నారు?”

“సబ్బుతో. ఇంకదేంతో ఉతుకుతారు, వోడ్కాతోనా?”

“ఏ సబ్బు?”

బుర్మాకాన్ విసుగ్గా వెళ్ళి ఇటుకరాయిలాంటి గోధుమరంగు బట్టలసబ్బు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది. కలిపిన రంగు లేదు, వాసన లేదు, యాభై ఏళ్ళుగా ఇంటింటా ఉన్నదే. నుర్జాత్ నోటుపుస్తకంలో చొక్కా మీద అడ్డగీత కొట్టేసింది.

ఆ మధ్యాహ్నం గళ్ళన్నీ మొదటి నుంచి చూసుకుంది. అన్నిటి మీదా అడ్డగీతలే. ఇక కొట్టెయ్యకుండా మిగిలింది తనొక్కతే. ముప్పై ఎనిమిదో రోజుకి, ఇన్నాళ్ళ గీకుడూ, ఫోన్లూ, తగువులూ అన్నీ కలిసి అక్కడికి తెచ్చి నిలబెట్టాయి. పుస్తకం మూసి గోడకేసి విసిరికొట్టింది. అది పోయి నవ్వుతున్న బాతుపిల్ల పక్కన పడింది.

నలభయ్యో రోజు ఇల్లంతా ఆడవాళ్ళు. నూనెలో వేగిన రొట్టెముక్కల వాసన. బేసిన్లో వెండి ఉంగరాలు వేసి, వచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే చెంచాతో నీళ్ళు తీసి పోస్తూ నలభై చెంచాలు లెక్కపెట్టారు. పుట్టువెంట్రుకలు కత్తిరించారు. నలభై ఇళ్ళ గుడ్డముక్కలతో కుట్టిన చొక్కా కాసేపు తొడిగి, దీవించి తీసేశారు. కుక్క చొక్కాని బుర్మాకాన్ పొద్దున్నే మళ్ళీ ఉతికి పెట్టింది. పెరట్లో అక్తోష్ అనే తెల్లరొమ్ము కుక్క మెడకి దాన్ని గట్టిగా ముడేసి కట్టారు. పోరా, రోగాలన్నీ తీసుకుపో అని అందరూ నవ్వుతూ తరిమితే, అది గొర్రెల దొడ్డి చుట్టూ ఒక చుట్టు చుట్టి గుమ్మం ముందుకే తిరిగొచ్చింది.

తర్వాత బుర్మాకాన్ పిల్లని ఎత్తి వీపు తిప్పి అందరికీ చూపించింది.

“చూడండమ్మా. నేనేదో కోడలి మీద కక్షతో అంటున్నానా?”

“అయ్యో, పాలే,” అంది ఒకావిడ. “మా చెల్లెలి పిల్లకీ ఇంతే.”

“మాన్పించెయ్. ఏడుస్తుంది, రెండ్రోజులు. తర్వాత అదే ఊరుకుంటుంది,” అంది ఇంకొకావిడ. ఏడ్చేది పిల్లో తల్లో చెప్పలేదు.

నుర్జాత్ దగ్గర చూపించడానికి ఒక కాగితం లేదు, ఒక రంగు లేదు. లేచి గదిలోకి వెళ్ళి నిలబడింది. బుర్మాకాన్ వెనకే వచ్చి, పొడుగాటి తెల్లగుడ్డతో ఆమె రొమ్ములు బిగించి చుట్టి, వీపు వెనకాల, చెయ్యి అందని చోట ముడేసింది.

“నొప్పిగా ఉందా?”

“ఉంది.”

“నాకు తెలుసు పిల్లా,” అంది బుర్మాకాన్. నిజంగా జాలిపడే అంది. అదే నుర్జాత్‌కి మరీ మంటగా ఉంది. కసిరి ఉంటే తనూ నాలుగు మాటలు అనేది.

రెండు రోజులు సేజిమ్ డబ్బాపాలు కక్కింది, గొంతు పోయేలా ఏడ్చింది. మూడో రోజు తాగింది. ఆ రోజే మెడ మీద ఎరుపు తగ్గింది. నాలుగో రోజు వీపు ఆరింది. ఐదో రోజు పొద్దున స్నానం చేయించి చూస్తే పిల్ల ఒళ్ళు నున్నగా, కడిగిన యాపిల్ పండులా ఉంది.

“చూశావా,” అంది బుర్మాకాన్, మెల్లగా. గెలిచిన గొంతు కూడా కాదు.

నుర్జాత్ పిల్ల పొట్ట నిమిరింది. సంతోషమే. కానీ కట్టిన గుడ్డ కింద రాళ్ళలా గట్టిపడిన పాలు సలుపుతున్నాయి. ఇన్నాళ్ళూ తన పిల్లకి తనే విషం పట్టానన్నమాట. ఒక్క సీసా కాగితాన్ని వదలకుండా గీకిన మనిషి, తన సంగతి తను కనుక్కోలేకపోయింది. ఇంట్లో ఉండలేక, రాత్రి మిగిలిన ఎముకలు గిన్నెలో వేసుకుని పెరట్లోకి నడిచింది. నలభై రోజులూ దాటాయి కాబట్టి వద్దనేవాళ్ళు లేరు.

అక్తోష్ ఎముకల కోసం పరిగెత్తుకు రాలేదు. మంచులో కూర్చుని వెనకకాలితో మెడ గోక్కుంటోంది. ఆగుతుంది, మూలుగుతుంది, మళ్ళీ గోక్కుంటుంది. చొక్కా ఇంకా మెడకే ఉంది, మంచుకి తడిసి, బురదై.

“ఇలా రా. నీకేమైంది?”

ముడి విప్పి చొక్కా తీసింది. గొంతు కింద, బొచ్చు పల్చగా ఉండే చోట, వెంట్రుకలు ఊడిపోయి తోలు బయటపడింది. దాని మీద ఎర్రగా, సన్నసన్నగా, రవ్వ చల్లినట్టు దద్దు.

నుర్జాత్ చేతిలోని చొక్కా వంక చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఐదు రోజుల మంచూ, బురదా, కుక్కవాసనా దాటుకుని అత్తగారి తలగుడ్డ వాసన వచ్చింది. పిల్లని ఎత్తుకున్నప్పుడల్లా వచ్చిన ఆ వాసన, అపా ముద్దు చేస్తే అంటుకున్నదనుకుంది ఇన్నాళ్ళూ. మెడ దగ్గర మొదలై మణికట్టు దగ్గర ఆగిన దద్దు. ముఖం మీద లేదు, తలలో లేదు, అరచేతుల మీద లేదు. తను మొదటి రోజే రాసుకుంది. చొక్కా ఉన్నచోటే ఉందని తన చేత్తో తనే రాసుకుంది.

ఆమె నేరుగా బయటి గదిలోకి వెళ్ళి అరలన్నీ వెతికింది. బట్టలసబ్బు వెనకాల, శుభ్రమైన గుడ్డ కప్పి, ఊదారంగు సీసా ఉంది. బట్టలు మెత్తబడటానికి ఆఖరి జాడింపులో పోసేది. వెనకాల అతికించిన రష్యన్ కాగితం గోటితో ఒక్క లాగు లాగింది. సువాసన, దాని కింద ఇంకో నాలుగు సువాసనల పేర్లు. తను ఎర్ర సిరాతో గీతలు గీసిన పేర్లే అవన్నీ. సబ్బయితే కడిగితే పోతుంది, ఇది బట్టలోనే ఉండిపోవడానికి చేసిన సరుకు. రోజుకింత పేరుకుని పదో రోజుకి పైకి తేలింది, పాలు పడ్డ రోజుకి కలిసొచ్చిందంతే. అట్టడుగున చిన్నక్షరాల్లో, సున్నితమైన చర్మం గలవాళ్ళ బట్టలకి వాడవద్దని ఉంది.

సీసా ఒక చేత్తో, కుక్క పట్టీ ఒక చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. బుర్మాకాన్ పిల్లకి డబ్బాపాలు కలుపుతోంది.

“అపా, ఇదేంటి?”

“గుల్బర్చిన్ పంపింది. కుక్కని గుమ్మం ఎక్కించకు.”

“చొక్కాకి ఇది పోశారా?”

“రెండు మూతలు. ముసలాయన చొక్కా, గరుకుగా ఉండేది. పిల్ల ఒంటికి గీసుకుంటుందని. నా తలగుడ్డకీ, దాని చొక్కాకీ తప్ప ఇంకదేనికీ వాడలేదు. ఉన్నది ఒక్క సీసా.”

“నేనడిగితే సబ్బుతో అన్నారు.”

“ఉతికింది సబ్బుతోనే కదా. ఇది ఉతకడానికి కాదు, జాడించడానికి. నువ్వు అడిగింది దేంతో ఉతికావని.” బుర్మాకాన్ గొంతు పెరిగింది. “ఆఖరి రోజు నాలుగు మూతలు పోశా, పదిమందీ ముట్టుకుంటారని. ఇప్పుడు దాన్ని కూడా గీకి పెట్టావా? పాలు మానింది, దద్దు పోయింది. కళ్ళతో చూశాం.”

“చొక్కా కూడా అదే రోజు మానింది అపా.”

“నీ సబ్బుల పిచ్చి ఈ జన్మకి వదల్దు.”

నుర్జాత్ మోకాళ్ళ మీద కూర్చుని అక్తోష్ గడ్డం పైకెత్తింది. ఎర్రటి మెడ వెలుతుర్లోకి వచ్చింది. ఒక్కో మాటా పట్టి పట్టి అడిగింది.

“మరి దీనికి కూడా నా పాలే పట్టించారా?”

బుర్మాకాన్ చేతిలో చెంచా ఆగిపోయింది. కుక్క మెడ చూసింది. కోడలి చేతిలో బురదపట్టిన చొక్కా చూసింది. ఊదారంగు సీసా చూసింది. తర్వాత పాలడబ్బా మూత పెట్టేసి లేచింది.

“ఇటు తిరుగు,” అంది.

ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో రాక, పళ్ళతో లాగింది. గుడ్డ ఊడి కింద పడింది. నుర్జాత్ పరుపు మీద కూర్చుని చేతులు చాపితే, బుర్మాకాన్ పిల్లని ఎత్తబోయి, వంగినదల్లా మధ్యలోనే ఆగింది. తలకున్న తెల్లగుడ్డ విప్పేసింది. మామగారు పోయిన రోజున తప్ప నుర్జాత్ ఆమె నెరిసిన జుట్టు ఎన్నడూ చూడలేదు. ఆ గుడ్డని ఉండచుట్టి గుమ్మం బయటికి విసిరేసి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి, అప్పుడు పిల్లని ఎత్తి తల్లి ఒళ్ళో పెట్టింది.

సేజిమ్ పట్టుకుంది, వదిలింది, కోపంగా ఏడ్చింది, మళ్ళీ పట్టుకుంది. అత్తా కోడలూ ఇద్దరూ ఊపిరి బిగబట్టి గుటక చప్పుడు కోసం వింటూ కూర్చున్నారు.